ఈ రాళ్లను గూర్చి పిల్లలు అడిగినప్పుడు

ధ్యానభాగములు: యెహోషువ 4:1-7, 19-24, లూకా 10:25-37, ఫిలిప్పీయులకు 2:25-30



మన గుడులలో పేర్లకు కొదువలేదు. ద్వారము ప్రక్కన పాలరాతి పలకమీద పునాది వేసినవారి పేరు ఉండును. గంటస్తంభముమీద గంట ఇచ్చినవారి పేరు ఉండును. తలయెత్తి చూచినయెడల ఫ్యాను రెక్కలమీద కూడ ఎవరి జ్ఞాపకార్థము ఎవరు ఇచ్చిరో ఎర్రరంగుతో వ్రాసియుండును. ఇది తప్పని నేను చెప్పుట లేదు. మేలు చేసినవారిని జ్ఞాపకము చేసికొనుట మంచిదే.

అయితే ఒక మాట అడుగుచున్నాను. మీ యింటిలో ఒకరికి ప్రాణముమీదికి వచ్చిన రాత్రి, వానలో, చీకటిలో, బండి తెచ్చి, స్ట్రెచరుమీద ఎక్కించుకొని, త్రోవపొడుగున ఊపిరి చూచుకొనుచు ఆసుపత్రికి చేర్చినవాని పేరు మీకు జ్ఞాపకమున్నదా? డాక్టరుగారి పేరు జ్ఞాపకముండును. ఆసుపత్రి పేరు జ్ఞాపకముండును. బిల్లు ఎంతైనదో పైసలతో సహా జ్ఞాపకముండును. బండిలో వచ్చినవాని పేరు మాత్రము మనలో నూటికి ఒకరు కూడ చెప్పలేరు.

అమెరికా దేశములో ఇట్టి పనివారి కొరకు రాజధానియైన వాషింగ్టను నగరములో ఒక జాతీయ స్మారకము కట్టవలెనని ఆ దేశపు చట్టసభ 2018లో అనుమతినిచ్చినది. ఆ సంగతిని ఆధారము చేసికొని ఈ నెల మనము ఒక పాఠము నేర్చుకొందము. ఇతరులను కాపాడబోయి తమ ప్రాణములను పోగొట్టుకొనినవారికి రాయి నిలుపుట తగునా? తగినయెడల ఆ రాయి ఏమి చేయవలెను? అది చేయలేని పని ఏది?

1. రాళ్లు మాటలాడవు, పెద్దలు మాటలాడవలెను

ఇశ్రాయేలీయులు యొర్దాను దాటిన దినమున గోత్రమునకు ఒక్కడు చొప్పున 12 మంది మనుష్యులు నది నడుమనుండి 12 రాళ్లను భుజములమీద మోసికొని వచ్చిరి. యెహోషువ వాటిని గిల్గాలులో నిలువబెట్టించెను. అవి చెక్కిన రాళ్లు కావు. వాటిమీద అక్షరములు వ్రాసినట్లు కూడ లేదు. అవి యాజకుల కాళ్లు నిలిచిన తావునుండి తెచ్చిన ఏటిరాళ్లు.

అక్షరములు లేని రాయి ఎట్లు బోధించును? వాక్యభాగమును జాగ్రత్తగా చదివినయెడల జవాబు అక్కడనే యున్నది. రానున్న కాలమున పిల్లలు ఈ రాళ్ల సంగతి ఏమని అడుగుదురు. అప్పుడు తండ్రులు జరిగినదంతయు చెప్పవలెను. కాబట్టి స్మారకములో రెండు భాగములున్నవి. మొదటిది రాయి. రెండవది బిడ్డ అడిగెడి ప్రశ్న, తండ్రి చెప్పెడి జవాబు. రెండవ భాగము లేనిచోట మొదటిది పొలములోని మామూలు బండయే. ఈ సంగతి మనస్సులో నుంచుకొని ముందుకు పోదము.

2. ఆ పనివారు ఎవరు?

వాషింగ్టనులో రాయి నిలిచినయెడల, అక్కడి బిడ్డ వీరెవరని అడిగినయెడల, తండ్రి ఏమి చెప్పవలెను? ఈ కథను చెప్పవలెను.

వర్జీనియా రాష్ట్రములో రోనోక్ అను పట్టణమున్నది. 1909లో అక్కడి నదిలో ఒక చిన్న పడవ తలక్రిందులై ఇద్దరు మనుష్యులు మునిగిపోయిరి. ఒడ్డున జనులు నిలిచి చూచిరి గాని కాపాడు ఉపాయము ఎవరికిని తెలియదు. ఆ గుంపులో జూలియన్ వైజ్ అను 9 ఏండ్ల బాలుడుండెను. పెద్దవాడనైన తరువాత ఇట్టి సమయమున చేతులు కట్టుకొని నిలువబడనని అతడు తనలో నిశ్చయించుకొనెను. 1928లో, రైల్వేలో తనతో పనిచేయుచున్నవారిని కొందరిని చేర్చుకొని, ప్రాణరక్షణ, ప్రథమ చికిత్స చేయు దళమొకటి స్థాపించెను. జీతము లేక స్వచ్ఛందముగా పనిచేయు అట్టి దళములు పిమ్మట దేశమంతట వ్యాపించెను. ఒడ్డున నిలిచినవారందరు చూచిన దానినే ఆ బాలుడును చూచెను. ఇతరులు చూచి యింటికి పోయిరి. అతడు చూచిన దానిని 19 ఏండ్లు మోసెను.

అయినను దేశములో అనేక తావులలో పరిస్థితి చాలకాలము హీనముగానే యుండెను. 1966లో ఆ దేశపు జాతీయ విజ్ఞాన పరిషత్తు ఒక నివేదికను వెలువరించెను. 1965లో ప్రమాదముల వలన 1,07,000 మంది చనిపోయిరని అందులో వ్రాసిరి. అంబులెన్సు సేవలలో దాదాపు సగము శవసంస్కారము చేయించు వ్యాపారస్థులు నడుపుచుండిరి. కారణమేమనగా, మనిషిని పడుకొనబెట్టుటకు వీలైన పొడుగాటి బండి వారియొద్దనే యుండెను. బ్రతికియున్నవానిని ఆసుపత్రికి తీసికొనిపోవుటకును, చనిపోయినవానిని శ్మశానమునకు తీసికొనిపోవుటకును అదే బండి! బండిలోని మనుష్యులలో అనేకులకు వైద్యశిక్షణ లేదు. యుద్ధభూమిలో గాయపడినవానికి బ్రతుకు ఆశ ఎక్కువ, నగరపు వీధిలో పడినవానికి తక్కువ అని అనుభవజ్ఞులు చెప్పినట్లు ఆ నివేదిక తెలిపెను.

ఈ స్థితిని మార్చినవారిలో మొదటి వరుసలో నిలిచినవారు పిట్స్‌బర్గ్ నగరములో హిల్ డిస్ట్రిక్ట్ అను పేటకు చెందిన నల్లజాతి యువకులు. ఆ పేట బీదది. అక్కడివారు పనికిరానివారని అధికారులు ఎంచినవారు. పీటర్ సాఫర్ అను వైద్యుడు, ఊపిరి ఆగిన మనిషికి నోటితో ఊపిరి ఊదు విధానమును పరిశోధించి ప్రచారము చేసిన ముఖ్యులలో ఒకడు. 1966లో ఆయన స్వంత కుమార్తె ఉబ్బసముతో చనిపోయెను. ఆ మరుసటి సంవత్సరము, 1967లో, ఆ పేటలోని నిరుద్యోగులకు లోతైన వైద్యశిక్షణ ఇచ్చి అంబులెన్సు పని నడిపించుటకు ఆయన తోడ్పడెను. ఆ సేవకు ఫ్రీడం హౌస్ అని పేరు. బండి వచ్చుట మాత్రమే కాక, బండితోకూడ వైద్యము వచ్చుట అక్కడి జనులు అప్పుడే చూచిరి. తరువాత 1974లో నాన్సీ కారొలైన్ అను వైద్యురాలు వచ్చి వారి శిక్షణను ఇంకను బలపరచెను.

3. వారి పనికి ప్రాణమే వెల

ఇది అపాయకరమైన పని అని చాలమందికి తెలియదు. అంబులెన్సువాడు సుఖముగా బండిలో తిరుగునని అనుకొందురు. 2002లో వెలువడిన ఒక పరిశోధనలో అమెరికాలో 1992 మొదలు 1997 వరకు పనిమీద చనిపోయినవారిని లెక్కించిరి. అన్ని వృత్తులవారిని కలిపి చూచినయెడల సంవత్సరమునకు లక్షమందిలో 5 గురు. అత్యవసర వైద్యసేవకులలో 12.7, పోలీసులలో 14.2, అగ్నిమాపక దళమువారిలో 16.5. అనగా వీరి అపాయము పోలీసువారి అపాయమునకు చాల దగ్గరగా నున్నది. వేగముగా పోవుచున్నప్పుడు బండ్లు ఢీకొనును. రోడ్డుమీద వంగి గాయపడినవానిని చూచుచుండగా వేరొక బండి వచ్చి తగులును. కొండ ప్రాంతములకు పోవు హెలికాప్టర్లు కూలును. 2001 సెప్టెంబరు 11న న్యూయార్కులో గోపురములు కూలినప్పుడు అగ్నిమాపక దళమువారు 343 మంది చనిపోయిరి. వారిలో ఇద్దరు పారామెడిక్కులు. వారుగాక ప్రైవేటు అంబులెన్సు సేవలవారు 8 మంది మరణించిరి. జనులు బయటికి పరుగెత్తుచుండగా వీరు లోపలికి పోయిరి.

అయినను పోలీసువారికి వాషింగ్టనులో 1991లో స్మారకము ప్రతిష్ఠింపబడెను. అగ్నిమాపక దళమువారికి మేరీలాండు రాష్ట్రములోని ఎమిట్స్‌బర్గ్‌లో 1981 నుండి స్మారకమున్నది. అంబులెన్సువారికి రాజధానిలో ఏమియు లేకపోయెను.

లేకపోయినను వారి స్వజనులు వారిని మరువలేదు. ముందు చెప్పిన రోనోక్ పట్టణములోనే 1993 నుండి ప్రతి సంవత్సరము ఒక జ్ఞాపకార్థ కూడిక జరుపనారంభించిరి. అక్కడ జీవవృక్షమని పేరుపెట్టిన ఒక స్మారక వృక్షమును నిలిపి, చనిపోయిన ఒక్కొక్కరి పేరును ఒక్కొక్క ఆకుమీద వ్రాసి తగిలించిరి. కుటుంబమువారికి ఒక పతకము, దేశపు జెండా, ఒక తెల్ల గులాబి ఇచ్చెదరు. 2010లో ఆ కూడిక కొలరాడో రాష్ట్రమునకు, తరువాత రాజధాని ప్రాంతమునకు మారెను. రాతి కట్టడము లేక మునుపే ఆకులున్నవి, పేర్లున్నవి, ఆ పేర్లను పైకి చదువు స్వరమున్నది. గిల్గాలు రాళ్లలో మనము చూచిన రెండవ భాగము ఇక్కడ ముందుగా వచ్చినది. ఇది మంచి క్రమము.

4. చట్టము, ద్రవ్యము, ఓర్పు

2018 నవంబరు 3న అమెరికా అధ్యక్షుడు సంతకము చేయగా, జాతీయ అత్యవసర వైద్యసేవల స్మారకమునకు అనుమతినిచ్చు చట్టము అమలులోనికి వచ్చెను. అయితే చట్టము వచ్చినంత మాత్రమున రాయి లేవదు. వాషింగ్టనులో స్మారకములు కట్టుటను గూర్చి 1986 నాటి చట్టమొకటి ఉన్నది. ఈ స్మారకమునకు వర్తించు మూడు నియమములు మన సంఘములకు కూడ పనికివచ్చును.

మొదటిది: ఈ కట్టడమునకు ప్రభుత్వ ధనము వాడకూడదు. స్మారకము కోరినవారే, ప్రజలయొద్దనే చందాలు కూర్చవలెను. పేరు రాయించుట ఇష్టమైనవారు చెయ్యి విప్పవలెను.

రెండవది: కట్టుటకు అగు ఖర్చులో పదియవ వంతు విడిగా తీసి, ముందుముందు బాగుచేయించు ఖర్చు నిమిత్తము ముందుగానే అప్పగింపవలెను. ఇది చదివినప్పుడు నేను సిగ్గుపడితిని. మనము గుడి కట్టించి పండుగ చేయుదుము. మూడవ వర్షాకాలమునకు గోడ పెచ్చులూడును, సున్నము వేయుటకు రూపాయి ఉండదు. కట్టుట ఒక తరమువారి పని, కాపాడుట తరతరములవారి పని.

మూడవది: ఇష్టమైన చోట కట్టుటకు వీలులేదు. స్థలమును, నమూనాను వేర్వేరు సంఘములు పరీక్షించి ఒప్పుకొనవలెను. ఏడు సంవత్సరములలో కట్టుటకు అనుమతి పత్రము సంపాదింపనియెడల అధికారము చెల్లిపోవును; మరల చట్టసభనే అడుగవలెను. ఆలస్యమునకు ఇవి కారణములు. 2024 నాటికి, చట్టము వచ్చి ఆరు సంవత్సరములు గడిచినను, కట్టడము లేవలేదు.

ఇక్కడ ఒకరు లేచి న్యాయమైన ప్రశ్న అడుగవచ్చును: ఇంత ద్రవ్యము రాయికెందుకు? ఆ ద్రవ్యముతో బండ్లు కొనవచ్చును గదా, చనిపోయినవారి భార్యాబిడ్డలకు ఈయవచ్చును గదా? ఈ ప్రశ్నను మనము త్రోసివేయకూడదు. పౌలు ఎపఫ్రొదితును గూర్చి వ్రాసినది చూడుడి. ఆ మనిషి సేవ నిమిత్తము ప్రాణమునకు తెగించి చావుకు సిద్ధమైనవాడు. అతనిని సంతోషముతో చేర్చుకొనుమనియు, అట్టివారిని ఘనులుగా ఎంచుమనియు పౌలు ఫిలిప్పీ సంఘమునకు వ్రాసెను. చేర్చుకొనుటయు ఘనపరచుటయు రెండును కలిసియున్నవి. ఇల్లు, అన్నము, ఆదరణ ఇచ్చి ఘనపరచకపోవుట కొరత. ఘనపరచి అన్నము పెట్టకపోవుట వేషధారణ.

5. రాయి చేయలేని పని

అంబులెన్సులమీద ఆరు కోణముల నీలిరంగు నక్షత్రము మీరు చూచియుందురు. మన దేశములో కూడ అనేక బండ్లమీద అది కనబడును. ఆ గుర్తు 1970లలో అమెరికాలో పుట్టినది. దాని ఆరు కొమ్మలకు ఆరు అర్థములున్నవి: ఆపదను కనుగొనుట, కబురు పంపుట, వెళ్లుట, అక్కడనే చికిత్స చేయుట, త్రోవలో కాపాడుట, వైద్యాలయమునకు అప్పగించుట.

ఇప్పుడు లూకా 10వ అధ్యాయమును తెరిచి 33, 34, 35 వచనములను ప్రక్కన పెట్టుకొనుడి. సమరయుడు పడియున్నవానిని చూచెను. దగ్గరకు పోయెను. నూనెయు ద్రాక్షారసమును పోసి గాయములు కట్టెను. తన వాహనముమీద ఎక్కించెను. పూటకూళ్ల యింటికి చేర్చి అప్పగించెను. కబురు పంపుటకు అతనికి టెలిఫోను లేదు. ఆ కొమ్మ ఒక్కటి తప్ప మిగిలినవన్నియు అక్కడ ఉన్నవి. పైగా నక్షత్రములో లేని ఏడవదొకటి ఉన్నది. అతడు రెండు దేనారములిచ్చి, ఇంకను ఖర్చైనయెడల తిరిగివచ్చునప్పుడు తీర్చెదనని చెప్పెను. అనగా అప్పగించిన తరువాత కూడ విడువలేదు.

ఆ సమరయుని పేరు మనకు తెలియదు. యెరికో త్రోవప్రక్కన యేసు అతనికి రాయి నిలుపుమని చెప్పలేదు; ధర్మశాస్త్రోపదేశకుని చూచి, నీవును పోయి ఆలాగు చేయుమనెను. స్మారకమునకు ఇదియే కొలత. దానిని చూచినవాడు ఇంటికి పోవునా, రోడ్డుమీదికి పోవునా?

ఆ నక్షత్రము నడుమ ఒక కర్రకు చుట్టుకొనిన సర్పమున్నది. అది గ్రీకుల వైద్య చిహ్నమునుండి వచ్చినది గాని మోషే ఎత్తిన ఇత్తడి సర్పమునుండి కాదు. అయినను దానిని చూడగానే మనకు మోషే సర్పము జ్ఞాపకమునకు వచ్చును. ఆ ఇత్తడి సర్పము గొప్ప రక్షణకు గురుతు. అయితే కొన్ని వందల సంవత్సరములు గడచిన తరువాత జనులు దానికే ధూపము వేయసాగిరి. అప్పుడు హిజ్కియా దానిని ముక్కలుగా పగులగొట్టించెను (2 రాజులు 18:4). మేలును జ్ఞాపకము చేయు వస్తువు మేలునకు బదులుగా కూర్చుండినప్పుడు దానిని పగులగొట్టుటయే భక్తి.

రాతికి ఈ అపాయము ఎల్లప్పుడు ఉన్నది. చనిపోయినవారికి పూలదండ వేయుట సుళువు. బ్రతికియున్నవారికి జీతము సరిగా ఇచ్చుట కష్టము. అమెరికా గ్రామములలో అనేక తావులలో నేటికిని జీతము లేని స్వచ్ఛంద సేవకులే ఈ పనిని మోయుచున్నారు. మరియొక సంగతి. ముందు చెప్పిన ఫ్రీడం హౌస్ యువకులు ఏమైరి? 1975లో నగరపాలకులు ఆ పనిని తమ చేతిలోనికి తీసికొని ఫ్రీడం హౌస్‌ను ముగించిరి. ఆ మొదటివారిలో అనేకులు క్రమక్రమముగా ప్రక్కకు నెట్టబడిరి. దారి వేసినవారి పేర్లు అనేక సంవత్సరములు ఎవరును తలచలేదు. ఇటీవలి కాలముననే వారి కథను మరల చెప్పుచున్నారు. కాబట్టి రాతిమీద పేర్లు వ్రాయునప్పుడు ఎవరి పేరు విడిచితిమని కూడ అడుగవలెను. విడువబడినవాడు చాలసార్లు బీదవాడే.

6. మన యూరి రోడ్డు

ఇంతవరకు దూరదేశపు సంగతి చెప్పితిని. ఇప్పుడు నా సంగతి చెప్పవలెను. చెప్పుటకు నాకు ఇష్టము లేదు గాని, చెప్పనియెడల ఈ పాఠము అబద్ధమగును.

కొన్ని సంవత్సరముల క్రిందట సంత దినమున, సాయంకాలము, నేను ప్రక్కపల్లెలో గృహప్రార్థనకు పోవుచుంటిని. కల్వర్టు దగ్గర ఒక యౌవనుడు మోటారు సైకిలుమీదనుండి పడియుండెను. తలనుండి రక్తము కారుచుండెను. ఇరువదిమంది చుట్టు నిలిచియుండిరి. "ముట్టుకోవద్దు, పోలీసు కేసవుతుంది" అని ఒకరు అనిరి. నేను కూడ నిలిచితిని. నా చేతిలో బైబిలు సంచి ఉన్నది. కన్నులు మూసికొని ప్రార్థన చేసితిని. దగ్గరకు మాత్రము పోలేదు. యాజకుడు, లేవీయుడు ప్రక్కగా పోయిరని ఎన్నిమార్లు ప్రసంగించితినో! ఆ దినమున ఆ ఇద్దరికి నేను మూడవవాడనైతిని.

నాట్లకు కూలికి పోయి వచ్చుచున్న ఒక అవ్వ గుంపును త్రోసికొని లోపలికి వచ్చెను. తలమీది తుండుగుడ్డ తీసి మడిచి గాయముమీద నొక్కిపట్టెను. "ఎవరి బిడ్డో ఏమో. అయ్యగారూ, అట్లా నిలబడతారేంటి, 108కి ఫోను చెయ్యండి" అనెను. అప్పుడు నా చెయ్యి జేబులోనికి పోయెను.

బండి వచ్చెను. అందులోనుండి దిగిన పిల్లవానికి ఇరువదియైదేండ్లు ఉండునేమో. ఎవరో చెంబుతో నీళ్లు తెచ్చి నోటిలో పోయబోవుచుండగా చెయ్యి అడ్డుపెట్టెను. "నీళ్లు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. మెడ కదపకండి. అవ్వా, నువ్వు తియ్యకు, అట్లాగే నొక్కి పట్టుకో" అనెను. మెడకు పట్టీ వేసి, బల్లమీద కట్టి, బండిలో చేర్చెను. తలుపు వేయుచు అవ్వతో, "నువ్వే బతికించావమ్మా" అనెను. బండి పోయెను.

ఆ యౌవనుడు బ్రతికెను. అతని తండ్రి మన సంఘములోనివాడు కాడు. అయినను ఆదివారము గుడికి వచ్చి, అవ్వ కాళ్లకు దండము పెట్టి, కానుక వేసి పోయెను. దేవునికి స్తోత్రము చెల్లించితిమి. డాక్టరుగారి నిమిత్తము ప్రార్థించితిమి. తరువాత నేను సంఘమును అడిగితిని: "ఆ బండిలో వచ్చిన తమ్ముని పేరు ఎవరైన అడిగితిరా?" ఎవరును అడుగలేదు. నేనును అడుగలేదు. పదిమంది కుష్ఠరోగులలో తొమ్మండుగురు తిరిగిరాలేదని చదువుదుము గదా. మేము సంఘమంతయు ఆ తొమ్మండుగురమైతిమి.

108 సేవ మన తెలుగుదేశములోనే, 2005 ఆగస్టు 15న హైదరాబాదు కేంద్రముగా ప్రారంభమై, పిమ్మట ఇతర రాష్ట్రములకు వ్యాపించెను. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయపు వైద్యులు వచ్చి ఇక్కడి సిబ్బందికి శిక్షణ ఇచ్చుటలో తోడ్పడిరి. ఆ దేశమున పిట్స్‌బర్గ్ యువకులు మొదలైనవారు నేర్చి చూపిన విద్యయే ఈ విధముగా మన యూరి కల్వర్టు వరకు వచ్చినది. 2020, 2021 సంవత్సరములలో కోవిడు వచ్చినప్పుడు, స్వంత బంధువులే దూరముగా నిలిచినచోట ఈ బండ్లలోనివారు రోగులను ఎత్తిరి.

పోలీసు కేసు భయమును గూర్చి కూడ ఒక మాట తెలిసికొనుడి. 2016లో సుప్రీముకోర్టు రోడ్డు ప్రమాదములలో సహాయము చేయువారిని కాపాడు నియమములను ఆమోదించెను. 2019లో మోటారు వాహనముల చట్టములో 134-ఎ అను సెక్షను చేర్చిరి. మంచి మనస్సుతో, ప్రతిఫలము కోరక, గాయపడినవానికి సహాయము చేసినవానిమీద ఆ సహాయము విషయమై సివిలు కేసుగాని క్రిమినలు కేసుగాని ఉండదు. పేరు, చిరునామా చెప్పుమని అతనిని బలవంతపెట్టకూడదు. అట్టివానిని ఆ చట్టము ఏ పేరుతో పిలుచుచున్నదో ఎరుగుదురా? మంచి సమరయుడు అనియే! మన బైబిలులోని మాట దేశపు చట్టములోనికి పోయినది. చట్టములోనికి పోయిన మాట బైబిలు సంచి మోయుచున్న నా కాళ్లలోనికి ఆ సాయంకాలము రాలేదు.

7. మనము నిలుపవలసిన రాయి

ప్రియులారా, వాషింగ్టనులో కట్టడము నిలిచిన దినమున మనలో ఎవరును దానిని చూడబోకపోవచ్చును. అది నిలుచుట మంచిది. ఇతరుల బిడ్డల నిమిత్తము ప్రాణమిచ్చినవారి పేరు చదువుటకు తల్లులకు ఒక తావు ఉండవలెను. అయితే రాయి లేకుండనే మన సంఘములు ఈ సంవత్సరము చేయదగిన పనులు మూడున్నవి.

ఒకటి, కోతపండుగ దినమున మన మండలములోని 108 సిబ్బందిలో వీలైనవారిని పిలిచి, సంఘముతో కూర్చుండబెట్టి భోజనము పెట్టవలెను. వారి పేర్లు అడిగి సంఘపు పుస్తకములో వ్రాసికొని, ఆ పేర్లతో ప్రార్థింపవలెను. వారిలో ఎవరు ఏ మతమువారని అడుగవద్దు, సమరయుడు అడుగలేదు.

రెండు, వారు వచ్చిన దినముననే మన యౌవనులకు, స్త్రీల సమాజమువారికి రక్తము ఆపుటయు, మెడ కదపకుండ పట్టుకొనుటయు, గుండె ఆగినవాని రొమ్ము నొక్కుటయు చేసి చూపుమని వారిని వేడుకొనవలెను. బండి వచ్చువరకు గడియలు మన చేతులలోనే ఉన్నవి.

మూడు, రోడ్డుమీద సైరను వినబడినప్పుడు ఎడ్లబండియైనను, ట్రాక్టరైనను, ఊరేగింపైనను ప్రక్కకు తొలగి దారి ఇయ్యవలెను. ఇది అన్నిటికంటె చిన్న స్మారకము. దీనికి ఖర్చు లేదు.

ఇప్పుడు నేను ఆ కల్వర్టు మీదుగా పోవునప్పుడు గట్టుమీది కిలోమీటరు రాతిని చూచెదను. దానిమీద దూరమే గాని పేరు లేదు. ఒక దినము నా చిన్న కుమారుడు సైకిలు వెనుక కూర్చుండి, "నాన్నా, ఇక్కడికి వస్తే ఎందుకు నెమ్మదిగా పోతావు?" అని అడిగెను. నేను సైకిలు దిగి, జరిగినదంతయు వానికి చెప్పితిని. నేను నిలిచిన తావు చూపితిని. అవ్వ కూర్చుండిన తావు చూపితిని.

ఆలోచించి చర్చించుటకు ప్రశ్నలు

1. గిల్గాలు రాళ్లమీద అక్షరములు లేకపోయినను అవి ఎట్లు బోధించెను? మన గుడిలోని పేర్ల పలకలను గూర్చి మన పిల్లలకు మనము ఏమి చెప్పుచున్నాము?

2. సమరయుడు చేసిన పనులను ఒక్కొక్కటిగా చెప్పుడి. వాటిలో మీకు ఎక్కువ కష్టమైనది ఏది? ఎందుచేత?

3. హిజ్కియా ఇత్తడి సర్పమును ఎందుకు పగులగొట్టించెను? మేలునకు గురుతైనది మేలునకు అడ్డమైన సంగతి మన సంఘములో ఏదైన ఉన్నదా?

4. గడచిన సంవత్సరములో మన కుటుంబములకు ఆపదలో సహాయము చేసి, మనము పేరైనను అడుగనివారు ఎవరు? వారిని ఎట్లు కనుగొందుము?

ప్రార్థనాంశములు: రాత్రివేళ రోడ్లమీద ఉన్న అంబులెన్సు సిబ్బంది క్షేమము కొరకు, పనిమీద చనిపోయినవారి భార్యాబిడ్డల ఆదరణ కొరకు, పడియున్నవానిని చూచినప్పుడు మన కాళ్లు ముందుకు కదలునట్లు.